తలుపవతలి తాతయ్య

పెద్దాయన పళ్ళసెట్టు తీసి గ్లాసులోని నీళ్ళలో వేసి మైకు ముందు నిలబడ్డాడు. పళ్ళు తీస్తే గానీ ఆ గొంతు రాదు. బుగ్గలు లోపలికి పోవాలి, మాట చివర కాస్త గాలి జారాలి. పరాయి భాష సీరియల్లో గడ్డం తాతయ్య పెదవులు కదుపుతాడు, మన మాటలు ఈయన చిగుళ్ళ మధ్య నుంచి వస్తాయి. ఆ గడ్డం, ఆ నవ్వు ఎవరో నటుడివి. ఆ నటుణ్ణి ఈయన ఎన్నడూ కలవలేదు.

గోడలకి మందపాటి స్పాంజి అతికించిన చిన్న గది అది. చప్పుడు వస్తుందని ఫ్యాను వెయ్యరు. చొక్కా అప్పుడే వీపుకి అంటుకుపోయింది.

"ఇవాళ పని తక్కువే బాబాయ్," అన్నాడు అద్దం అవతల కూర్చున్న సౌండాయన. "తాతయ్య పోతున్నాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, పైకి! ఆ నటుడు మానేశాట్ట. ఇవాళ సాయంత్రమే టీవీలో వేసేస్తున్నారు."

పెద్దాయన చెయ్యి మైకు కడ్డీని పట్టుకుంది. ఇంట్లో మనవరాలు గుర్తొచ్చింది. మూడేళ్ళది. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నోట్లో ముద్ద పెట్టనివ్వదు. సాయంత్రం గడ్డం తాతయ్య తెరమీదికొచ్చి "తిన్నావా బంగారూ?" అంటే మాత్రం నోరు తెరుస్తుంది. బరువు ఇంకా తగ్గితే ఆస్పత్రిలో పెట్టాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ కోడలికి కంటిమీద కునుకు లేదు.

"ఊరెళ్ళాడని చెబితే పోలా?"

"అక్కడ బొమ్మలో పాడె కట్టేశారు బాబాయ్. ఇక్కడ మనమెట్లా బతికిస్తాం?"

తాతయ్య పోయాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పోయాడు. "ఊపిరి ఎక్కువైంది. పోయేవాడు అంత గోల చెయ్యడు," అంటూ సౌండాయన మళ్ళీ మొదటికి తిప్పాడు. ఆఖరిసారి పెద్దాయన ఏమీ చెయ్యలేదు. మాట మధ్యలో ఊరికే ఆగిపోయాడు.

"అదీ! అదిరింది బాబాయ్."

పెద్దాయన బయటికొచ్చి కోడలికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మామగారి ఫోను ఆవిడ ఎప్పుడు ఎత్తింది గనక! సీరియల్ టైము దగ్గరపడుతోంది. టీవీ పెట్టకముందే ఇల్లు చేరాలి. ఆ కంగారులో మళ్ళీ గదిలోకి వెళ్ళలేదు.

బస్సులో ఇద్దరాడవాళ్ళు తాతయ్య గురించే మాట్లాడుకుంటున్నారు. "మా నాన్నయినా అంత ప్రేమగా పలకరించలేదే!" అంటోంది ఒకావిడ. ఆవిడ చేతిసంచి పెద్దాయన మోకాలికి కొట్టుకుంటోంది. "కొంచెం జరగమ్మా," అన్నాడు. "ఈ ముసలాయనకి అన్నిటికీ చిరాకే," అంది ఆవిడ.

పొరుగింటి పుల్లకూర రుచి మరి. టీవీ తాతయ్య తెల్లారుజామున దగ్గడు. వేడినీళ్ళు అడగడు. తడి తువ్వాలు కుర్చీమీద పడెయ్యడు. వద్దనుకుంటే బొత్తాం నొక్కి ఆపెయ్యొచ్చు. అలాంటివాడి మీద ఎవరికి మాత్రం ప్రేమ పుట్టదు?

ఒకసారి పెద్దాయన ఉండబట్టలేక మనవరాలి ముందు పళ్ళు తీసి, "తిన్నావా బంగారూ?" అన్నాడు. ఆ బోసినోరు చూసి పిల్ల బెదిరిపోయి కెవ్వుమంది. ఆ పూట మంచినీళ్ళు కూడా తాగలేదు. "మీ వేషాలు స్టూడియోలో వేసుకోండి మామయ్యా," అని కోడలు పిల్లని లాక్కుపోయింది. "దాని ముందు ఇంకెప్పుడూ పళ్ళు తియ్యకండి. ఆ గొంతు మీదని కూడా చెప్పకండి. ఉన్న ఒక్క ఆధారం పోతుంది."

ఇంటిమెట్లు గబగబా ఎక్కాడు. ఛాతీలో ఏదో పట్టేసింది. తలుపు గడియ వేసి ఉంది. లోపల పిల్ల ఏడుపు, గిన్నెలో చెంచా చప్పుడు, కోడలి బతిమాలటం.

"టీవీ పెట్టకమ్మా!" అని కేకేశాడు.

తన గొంతు తనకే వింతగా వినిపించింది. నాలుకతో తడుముకుంటే చిగుళ్ళు తగిలాయి.

లోపల ఏడుపు టక్కున ఆగింది. "తాతయ్యా!" చిన్న పాదాలు పరుగెత్తాయి. తలుపు వైపు కాదు, టీవీ వైపు. నల్లటి తెరమీద అరచేతులతో కొడుతున్న చప్పుడు.

కోడలు తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఏమైంది?"

"ఇవాళ వాడు పోతాడమ్మా. పిల్లకి చూపించకు."

కోడలు ఆ గొంతు పోల్చుకుంది. "పళ్ళేవి?"

"మర్చిపోయా."

"అయితే లోపలికి రాకండి. మిమ్మల్ని చూస్తే మళ్ళీ మొదలెడుతుంది. అక్కడే కూర్చుని మాట్లాడండి. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆపకండి."

పెద్దాయన మెట్టుమీద కూర్చుని తల తలుపుకి ఆనించాడు.

"తిన్నావా బంగారూ? తినలేదూ? మరి తాతయ్య ఊరెళ్ళాలి కదా, నువ్వు తింటేనే బస్సు కదులుతుందట. డ్రైవరు తిడుతున్నాడు చూడు. ఊఁ, ఒక ముద్ద... అమ్మ చేతిలోదే తినాలి. నేను లేనప్పుడు కూడా అమ్మ దగ్గర తినాలి. ఏం?"

"ఊఁ," అంది పిల్ల టీవీతో, నోటినిండా ముద్దతో.

"బస్సు కదిలిందోచ్. చెయ్యూపు. ఇంకా ఊపు..."

అక్కడ మాట ఆగింది. 'ముసలాయనకి అలక వచ్చినట్టుంది' అనుకుంది కోడలు. చివరి రెండు ముద్దలూ పిల్ల అమ్మ చేత్తోనే తినేసింది.

కోడలు ఖాళీ గిన్నె పట్టుకుని గడియ తీసింది. "మొత్తం తినేసింది మామయ్యా!" అంది. ఆయనతో అంత మెత్తగా ఎన్నడూ మాట్లాడలేదు. తలుపుతో పాటే ఆయన తల మెల్లగా లోపలికి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

పిల్ల ఆ ముఖం చూసి అమ్మ కొంగు చాటుకి పోయింది. అక్కణ్ణుంచే నల్లటి తెరకి ఇంకా చెయ్యూపుతోంది.

స్టూడియో గదిలో లైటు ఆపుతూ సౌండాయన, పెద్దాయన పొద్దున వస్తాడు కదా అని, దుమ్ము పడకుండా గ్లాసుమీద కాగితం మూత పెట్టాడు. దాని కింద, కదలని నీళ్ళలో, పళ్ళసెట్టు నవ్వుతున్నట్టే ఉంది.