ఎర్రావు చేపిన సాయంత్రం

"నిలబడవే మొద్దూ! కాలు కదిపావంటే చూడు. మీ అమ్మా ఇంతే, మీ అమ్మమ్మా ఇంతే, పొద్దున లేస్తే నా ప్రాణం తోడేసేవాళ్లు."

ఎర్రావు కాలు కదపలేదు. చెవులు వెనక్కి వాల్చి, నెమరు ఆపి, పాలు చేపింది. మొదటి ధార బకెట్టు అడుగున టంగుమంది. ఆ తర్వాత చప్పుడు మెత్తబడి నురగలో కలిసిపోయింది. సణుగులమ్మ నుదురు ఆవు డొక్కకు ఆనించి, తిట్లు ఆపకుండా పితుకుతూనే ఉంది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది, కానీ ఈ పొలంలో దాన్ని ఎవరూ పలికిన పాపాన పోలేదు. పొట్టి మనిషి. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున అవి విచ్చుకోవాలంటే వేణ్ణీళ్లు కావాలి. నోటికి మాత్రం ఏ కాలంలోనూ ఏ సాయమూ అక్కర్లేదు.

ఎర్రావు ఆమెకు తప్ప ఇంకెవరికీ పాలివ్వదు. దాని తల్లీ అంతే, అమ్మమ్మా అంతే. పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఆమె జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉంటే, పొలం ఆసామి తవుడు గంప పట్టుకుని కొట్టంలోకి వెళ్లాడు. "అమ్మా, తల్లీ, బంగారూ" అని ఎంత బతిమాలినా ఆ అమ్మమ్మ ఆవు పాలు ఎగబట్టింది. చివరికి బకెట్టును తన్నింది. ఆనాటి నుంచి అది తిరుగులేని సంగతైపోయింది. పూట తప్పితే పొదుగు వాస్తుంది, గొడ్డు చెడుతుంది. అందుకని ఆమె చెల్లెలి పెళ్లికి వెళ్లలేదు, పురుళ్లకు వెళ్లలేదు, దాని మొగుడు పోయినప్పుడూ వెళ్లలేదు. "నేను కదిలితే ఆవు ఎండిపోతుందే" అని ఫోనులో చెప్పేది. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉండేది, అబద్ధమెందుకు.

ఇప్పుడు ఆ చెల్లెలు మంచం పట్టింది. "పెద్దమ్మా, ఆస్పత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వస్తే ఇప్పుడే రావాలి" అని చెల్లెలి కొడుకు ఫోను చేసి చెప్పాడు. ఆసామి ఆలోచించి, జీతం అడగకుండా తిండీ పడకా ఇస్తే చాలు, పొలం పని చేస్తామనే పట్నం కుటుంబాన్ని పిలిపించాడు. వాళ్లలో ఒక్కరి చేతికైనా ఎర్రావు చేపితే సాయంత్రం బస్సుకే ఆమె వెళ్లిపోవచ్చు. చేపకపోతే లేదు.

పొద్దెక్కాక బస్సు దిగారు. మొగుడూ పెళ్లాం, నిద్రమొహంతో ఒక కూతురు. ఎంత మర్యాదస్థులంటే, కోళ్లను కూడా "మీరు" అనేలా ఉన్నారు. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. అతను ముక్కు మూసుకోకుండా పేడ ఎత్తాడు. ఆమె వంకాయ మళ్లలో కలుపు తీసింది. పిల్ల గుడ్లు ఏరి, ఒక్కటీ పగలగొట్టకుండా తెచ్చింది. సణుగులమ్మకు సణగడానికి ఏమీ దొరక్క చిరాకేసింది.

సాయంత్రం భార్య పీట మీద కూర్చుంది. పట్టు బాగానే కుదిరింది. "కొంచెం పాలిస్తావా అమ్మా?" అంది ఆవును. చుక్క రాలేదు. "ప్లీజ్" అని కూడా అంది. ఎర్రావు నెమరేస్తూ గోడకేసి చూసింది. వెనక నిలబడ్డ సణుగులమ్మ బస్సు ఆశ వదులుకుంది. చెల్లెల్ని ఇక చూడలేనని బాధపడింది. కానీ ఆ బాధ పక్కనే, "చూశారా, దీనికి నేనే కావాలి" అని ఓ మూల సంతోషం లేచింది. దానికి ఆమెకే సిగ్గేసింది.

అంతలో గుమ్మంలో భర్త తల కనిపించింది. "ఏమోయ్, ఆ నీలం సంచి నీ దగ్గరుందా?"

భార్య చెయ్యి ఆపలేదు, తల తిప్పలేదు. "నా దగ్గరా? బస్సులో అది ఎవరి ఒళ్లో ఉంది? పిల్ల స్వెటర్లన్నీ అందులోనే ఉన్నాయని చెప్పానా లేదా? తలకాయ ఎక్కడ పెట్టుకుని తిరుగుతారండీ మీరు? పెళ్లైన నాటి నుంచి ఇదే వరస!"

ఎర్రావు నెమరు ఆపింది. చెవులు వెనక్కి వాల్చింది. బకెట్టు టంగుమంది.

భర్త మెల్లిగా జారుకున్నాడు. భార్య బిత్తరపోయి నోరు మూసుకుంది.

"ఆపకండి, తిట్టండి!" అని అరిచింది సణుగులమ్మ.

"ఎవర్ని?"

"మీ ఆయన్నే తిట్టండి. అలవాటైన పనేగా!"

బకెట్టు నిండింది. సణుగులమ్మకు ముందు సంతోషం వేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. "విశ్వాసం లేని గొడ్డు" అనుకుంది, పైకి అనలేదు. అంటే ఇంకా ఇస్తుంది.

ఇంట్లోకి వెళ్లి ఆసామి ఫోను తీసుకుంది. అవతల కొడుకు ఫోనును తల్లి చెవి దగ్గర పెట్టాడు.

"వస్తున్నానే. తెల్లారేసరికి నీ దగ్గరుంటా."

"మరి ఆవో?" చెల్లెలి గొంతు గాలిలా ఉంది.

"ఆవుకేమే? గట్టిగా తిడితే చాలు, ఎవరు పితికినా ఇస్తుంది."



"ఎప్పట్నుంచక్కా?" అంది చెల్లెలు.

సణుగులమ్మ ఫోను ఆసామి చేతిలో పెట్టేసింది.

మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది. ఉన్న బట్టలేవో సంచిలో కుక్కుకుని, కొట్టంలో వేసుకునే రబ్బరు బూట్లతోనే పరుగెత్తింది. ఎర్రావు పిలిచింది కానీ ఆమె వెనక్కి తిరగలేదు. బస్సు వెళ్లాక, పిల్లకు దుప్పటి కోసం భార్య ఆమె గదిలోకి వెళ్లి వంగి చూసింది. మంచం కింద, చెల్లెలి పెళ్లికని అప్పుడెప్పుడో కొన్న నల్ల జోళ్లు ఉన్నాయి, అడుగున ఒక్క మట్టి మరక లేకుండా.