ముప్పై ఒకటో లెవెల్

మా బావ యుగంధర్ ద్రోహి అని పదకొండేళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగుండేది. రెండువేల ఆరులో, తెలుగువాళ్ళందరూ తలా ఒక బ్లాగు పెట్టుకుంటున్న రోజుల్లో, నేనూ ఒకటి పెట్టి ఆ సంగతిని పేరుతో సహా లోకానికి చాటాను. గుడివాడలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునేదానికి లోకంతో పనేమిటని మీరడగచ్చు. లెక్కలు చెప్పేవాళ్ళకి తాము తప్పు చెయ్యమన్న నమ్మకం ఒకటుంటుంది. దాన్ని క్లాసులో ఖర్చుపెట్టగా ఇంకా చాలా మిగులుతుంది.

బ్లాగులో నేను రాసింది ఒక జపాను వీడియో గేము పాత భాగాల గురించి. దాని అసలు పేరేమిటో చిన్నప్పుడు మాకు తెలియదు. అట్ట మీద లాంతరు పట్టుకున్న కుర్రాడి బొమ్మ ఉండేది కాబట్టి లాంతరాట అనేవాళ్ళం. తొంభై నాలుగులో మా కాంతారావు మావయ్య విజయవాడ వెళ్ళి, కొడుకు అడిగిన కార్ల రేసు క్యాసెట్ ఇదేననుకుని కొనుక్కొచ్చాడు. టీవీకి తగిలించే డబ్బాలో దాన్ని దూర్చి చూస్తే కార్లూ లేవు, రేసూ లేదు. ఒక కుర్రాడు లాంతరుతో ఊళ్ళు తిరుగుతూ కనబడిన ప్రతివాడితోనూ మాట్లాడుతుంటాడు. మాటలన్నీ జపాను భాషలో. మావయ్య ఐదు నిమిషాలు చూసి, వీడెవడో సర్పంచి ఎన్నికల్లో నిలబడ్డట్టున్నాడని లేచి వెళ్ళిపోయాడు.

మేం మాత్రం వదల్లేదు. సెలవులు వస్తే నేను పెదపారుపూడిలో మావయ్యగారింటికి వెళ్ళిపోవడం, బావా నేనూ టీవీ ముందు చాప పరుచుకోవడం. నాకు పదకొండేళ్ళు, బావకి పదమూడు. జపాను అక్షరాలను ఆకారం బట్టి గుర్తుపెట్టుకున్నాం. కొడవలి లాంటిది నొక్కితే కొట్టడం, గాలం లాంటిది నొక్కితే పారిపోవడం. అదంతా ఒక లాంగ్ నోట్సులో రాసుకున్నాం. ఆ శ్రద్ధలో పావు వంతు హిందీ మీద పెట్టి ఉంటే ఇద్దరూ ప్రవీణ పాసయ్యేవారని ప్రభావతి అత్తయ్య దెప్పేది. ఇంట్లో ఆ ఆట గురించి ఒక్క మంచి మాట అన్నవాళ్ళు లేరు. నాకు అమ్మమ్మ, బావకి నానమ్మ అయిన సత్యవతమ్మ మాత్రం మా వెనకాల కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, లాంతరు కుర్రాడు ఇల్లు చేరాడా లేదా అని రోజూ అడిగేది. ఇంకా లేదంటే, పాపం తిండీ తిప్పలూ లేకుండా తిరుగుతున్నాడని బాధపడేది.

అప్పటి మా ప్రతిభ ఎంతటిదో రెండువేల ఆరులో తెలిసింది. ఎవరో పుణ్యాత్ములు ఆ పాత ఆటలను ఇంగ్లీషులోకి మార్చి నెట్‌లో పెడితే, కంప్యూటర్లో మొదటి భాగం మళ్ళీ ఆడాను. కొన్న కవచాన్ని కుర్రాడికి తొడగాలని మాకు తెలియనే తెలియదు. పట్టుచీర బీరువాలో దాచినట్టు సంచిలో దాచి, వాణ్ణి చొక్కా నిక్కరుతో రాక్షసుల మీదికి తోలాం. వంతెన దగ్గర కూర్చునే ముసలాయన్ని బిచ్చగాడనుకుని, దాటినప్పుడల్లా ఏదో ఒకటి చేతిలో పెట్టేవాళ్ళం. ఆయన మారువేషంలో ఉన్న రాజుగారట. చివర్లో పిలిచి రాజ్యం ఇస్తే, జపానువాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాం. ఇవన్నీ బ్లాగులో రాస్తే జనం మెచ్చుకున్నారు. మెచ్చుకోలు తలకెక్కింది. వారం తిరక్కుండా రెండో భాగం గురించి రాయడానికి కూర్చున్నాను.

రెండో భాగమంటే తొంభై ఐదు. మొదటి భాగంలో ఆట ఆపాలంటే యాభై రెండు జపాను అక్షరాలు పుస్తకంలో దించుకుని, మళ్ళీ ఆడేటప్పుడు అవే కొట్టాలి. ఒక్క వంకర తప్పితే మళ్ళీ మొదటికొస్తాం. బావ పోరి తెప్పించుకున్న రెండో భాగం క్యాసెట్లో చిన్న బ్యాటరీ ఉండేది. ఆట ఎక్కడ ఆపితే అక్కడ అదే గుర్తుపెట్టుకునేది. ఆ ఏడు వేసవిలో మొదలుపెట్టి దసరా సెలవుల నాటికి మా కుర్రాణ్ణి ముప్పై ఒకటో లెవెల్‌కి తెచ్చాం. ఎదురుగా ఆఖరి రాక్షసుడి కోట. ఆ యుద్ధంలో రిమోటు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. దారులన్నీ గీసింది నేను కాబట్టి నేనన్నాను. "నాకివ్వకపోతే అసలు ఆటే ఉండదు, చూసుకో" అన్నాడు బావ.

మర్నాడు మహర్నవమి. ఇల్లంతా ఆయుధ పూజ హడావుడిలో ఉంది. మధ్యాహ్నం పులిహోర తిని టీవీ పెడితే ముప్పై ఒకటో లెవెల్ లేదు. కుర్రాడు లేడు. మొత్తం ఖాళీ.

నేను ఇల్లు పీకి పందిరేశాను. సాక్ష్యం లేకపోతేనేం, ముందురోజు బెదిరింపు ఉందిగా. ఆ ఆటను వదిలించుకోవడానికి ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూస్తున్న మావయ్య, బావని రెండు పీకి డబ్బాను అటకెక్కించాడు. బావ ఒక్క మాటా మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. మిగతా సగం నేను కలుపుకున్నాను. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే. మా ఇద్దరికీ ముడిపెట్టాలని చూసిన బంధువులు కూడా ఆ దెబ్బతో చల్లబడ్డారు. అదొక్కటే ఆ ద్రోహి వల్ల నాకు జరిగిన మేలు.

ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను. నలభై మూడు వ్యాఖ్యలు వచ్చాయి. మస్కట్ నుంచి ఒకాయన ఇలాంటివాళ్ళను నమ్మకూడదన్నాడు. ఒకావిడ ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారంది. నాకు కడుపు నిండింది. అంతటితో ఆగక, క్యాసెట్ ఫోటో కూడా పెడితే రక్తి కడుతుందని పెదపారుపూడి వెళ్ళి అటక మీంచి దింపుకొచ్చాను. ఎటూ తెచ్చాం కదా, బ్యాటరీ మార్పించి చూద్దామని గుడివాడలో టీవీలు బాగుచేసే చలపతిరావుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన నాలుగు మరలు విప్పి, క్యాసెట్‌ను రెండు చెక్కలు చేసి, కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

"ఇందులో పసుపెవరు పోశారండీ?"

నాకు అర్థం కాలేదు. ఆయన చూపించారు. డబ్బాలో దూరే అంచున ఉన్న రాగి పళ్ళ సందుల్లో పసుపు గట్టిపడి ఉంది. పళ్ళు పచ్చగా చిలుం పట్టాయి. వాటికి కాస్త పైన, వేలందే చోట, గుండ్రంగా ఎర్ర మచ్చ.

"కుంకం కూడా ఉందండి. పూజ శ్రద్ధగానే చేశారు" అన్నారాయన. ఈ పళ్ళ మీద తడిగుడ్డ పెట్టి, ఆరకుండానే డబ్బాలో దూర్చి స్విచ్చేస్తే ఇందులో ఉన్నదంతా పోతుందని కూడా చెప్పారు.

తడిగుడ్డ అన్న మాటతో ఆ మహర్నవమి పొద్దు కళ్ళముందుకొచ్చింది. అమ్మమ్మ ఒక చేత్తో పసుపునీళ్ళ గిన్నె, ఇంకో చేత్తో కుంకుమ భరిణె పట్టుకుని ట్రాక్టరు, మందుకొట్టే డబ్బా, కొడవళ్ళు, కుట్టుమిషను, స్కూటరు అన్నిటినీ తడిగుడ్డతో తుడిచి బొట్లు పెడుతూ ఇల్లంతా తిరిగింది. టీవీ గదిలోకి వెళ్ళడం కూడా చూశాను. టీవీకి బొట్టు పెట్టడానికి వెళ్ళిందనుకున్నాను. తడిసిన క్యాసెట్‌కి స్విచ్చేసిన చెయ్యి ఎవరిదో కూడా గుర్తొచ్చింది. నాదే. లెక్కల మేడమ్‌కి రెండూ రెండూ కలపడానికి పదకొండేళ్ళు పట్టింది.

మర్నాడే బంటుమిల్లిలో బస్సు మారి కృత్తివెన్ను వెళ్ళాను. బావ అక్కడ చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మేత చల్లడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని గట్టు మీదికి వచ్చాడు. నేను క్యాసెట్ విప్పి చూపించాను.

"నాకు తెలుసు. నేను చూశాగా" అన్నాడు. "లోపల దుమ్ముందని నానమ్మ వేలికి గుడ్డ చుట్టి మరీ తుడిచింది. నువ్వు స్విచ్చేసి ఖాళీ అన్నాకే ఏం జరిగిందో అర్థమైంది."

"మరి దెబ్బలు తింటూ కూడా చెప్పలేదేం?"

"చెప్తే నానమ్మ మీద అరిచేదానివి. నా మీదంటే రోజూ అరుస్తూనే ఉండేదానివి, అలవాటే." చెరువుకేసి చూస్తూ మళ్ళీ అన్నాడు. "ఇంట్లో అందరూ దాన్ని దరిద్రం అన్నారు తనూజా. నాన్నయితే కాలవలో పారేస్తానన్నాడు. మన పనిముట్టని ట్రాక్టరుతో పాటు దానికీ బొట్టు పెట్టింది నానమ్మ ఒక్కతే. ఆవిడ వల్లే పోయిందని ఎలా చెప్పను?"

నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఏడ్చాను. బావ మేత బస్తా బోర్లించి కూర్చోమన్నాడు. నేను రాసింది బందరు వెళ్ళినప్పుడు నెట్ సెంటర్లో చదివాడట. బాగానే ఉందిగానీ రెండో కోటలో మెట్లు తొమ్మిది కాదు, పదకొండు అన్నాడు. ద్రోహి అన్నందుకు కాదు, మెట్లు తప్పు లెక్కపెట్టినందుకు నొచ్చుకున్నట్టున్నాడు.

బ్లాగులో దిద్దుబాటు రాయాలి. నిజం రాయడానికి వీల్లేదు. నా రాతలను కాగితాల మీద అచ్చుతీయించుకుని అమ్మమ్మకి చదివి వినిపించేది అత్తయ్యే. అందుకని నేనే తప్పు బటన్ నొక్కి ఆట చెరిపేశాననీ, భయపడి నేరం బావ మీదికి తోశాననీ రాశాను. మస్కట్ ఆయన ఈసారి నన్ను తిట్టాడు. పిల్లనెవరిస్తారన్నావిడ నన్నెవరు చేసుకుంటారంది. అత్తయ్య చదవగా విన్న అమ్మమ్మ నాకు ఫోన్ చేయించి, అభం శుభం తెలియని పిల్లాణ్ణి అన్యాయంగా కొట్టించానని అరగంట చీవాట్లు పెట్టింది. నోరు మూసుకుని పడ్డాను. బావ పదకొండేళ్ళు మోసింది అరగంట మోస్తేనే నా నడుం విరిగింది.

చలపతిరావుగారు పళ్ళు తోమి కొత్త బ్యాటరీ వేశారు. ఆదివారాలు బావ కృత్తివెన్ను నుంచీ నేను గుడివాడ నుంచీ పెదపారుపూడి చేరి, కంప్యూటరూ ఇంగ్లీషూ లేకుండా, ఆ పాత డబ్బా మీదే, జపాను భాషలోనే మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి కుర్రాడికి కవచం తొడిగాం. దసరాకి సరిగ్గా ముప్పై ఒకటో లెవెల్, కోట ముందు ఆపాం. ఆఖరి యుద్ధం మహర్నవమి మధ్యాహ్నం, రిమోటు బావదేనని ముందే ఒప్పుకున్నాను.

మహర్నవమి పొద్దున అమ్మమ్మ వంగిన నడుంతో ట్రాక్టరు దగ్గర మొదలుపెట్టింది. కుట్టుమిషను అయింది, బావ మోటారు సైకిలు అయింది. టీవీ గదిలోకి వచ్చి, డబ్బాలోంచి క్యాసెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, గిన్నెలో గుడ్డ ముంచింది. తొంభై ఐదులో అయితే పెంకులెగిరేలా అరిచేదాన్ని. బావ నా మొహంలోకి చూశాడు. నేను బావ మొహంలోకి చూశాను. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"కుర్రాడు ఇల్లు చేరాడా?" అనడిగింది అమ్మమ్మ.

"ఇవాళో రేపో చేరతాడు నానమ్మా" అన్నాడు బావ.

ఆవిడ తృప్తిగా తలూపి, గుడ్డ వేలికి చుట్టుకుని క్యాసెట్ లోపలికి తొంగిచూసింది. "లోపలెంత దుమ్ముందో చూశారా? మీకసలు శుభ్రం లేదర్రా" అంది.

"బాగా తుడువు అమ్మమ్మా" అన్నాను.