ఇరువదిమూడవ పేరు

మాఘమాసోదయమున పూతకు వచ్చిన జీడితోటల ఘాటైన పరిమళమును మోసికొని సముద్రపవనము మందముగా వీచుచుండ ఉద్దానసీమయందలి యొకానొక ఉన్నత పాఠశాలలో పదవ తరగతి తెలుగుపండితుడగు జగన్నాయకులు హాజరుపట్టీ విప్పి పేరులు పిలుచుచుండెను. ఇరువదిమూడవ పేరు హైమవతి. పిలిచి యాగెను. ఆమె రాదని యాతనికి తెలియును. అయినను ఇరువదిదినములుగా అచ్చట నాగుచునే యున్నాడు.

హైమవతి జీడిగింజలు కొట్టి పొట్టపోసికొను అప్పన్న కూతురు. టీచరు కావలెనని యామె కోరిక. విద్యార్థులతో ఫోనులలో స్నేహము నెఱపరాదని ప్రధానోపాధ్యాయుడు త్రిప్పిన ఆజ్ఞాపత్రముపై పండితుడు చదువకయే సంతకము చేసి ఆ వారముననే ఇన్‌స్టాగ్రాములో ఆమె పంపిన స్నేహవిన్నపము నంగీకరించెను. నోటుపుస్తకములయందు ఎఱ్ఱసిరాతో 'భేష్' అని వ్రాయుట కిరువదియేండ్లుగా నలవడిన చేయి గదా! పినతల్లి పెండ్లిలో పట్టులంగా ధరించిన ఆ బాలిక ఛాయాచిత్రము కంటబడినంతనే ఆ చేయి ఎఱ్ఱని హృదయచిహ్నము వేసి క్రింద 'ముచ్చటగా నున్నావు' అని వ్రాసెను. అయ్యో, మనస్సున కల్మషము లేదు. బుద్ధియు లేకపోయెను.

మఱునాటికి ఆ వ్రాత తరగతి ఫోనులన్నిట తిరిగెను. నల్లబల్లపై ఇరువురి పేరులు వెలసెను. పండితుడు తన వ్రాతను చెఱిపివేసెను గాని ఊరి నోరు మూయింపజాలడయ్యెను. అప్పన్న కూతును బడి మాన్పించెను.

పరీక్షలకు నెలదినములే మిగిలియుండుటచే జగన్నాయకులు సిగ్గు దిగమ్రింగి నిన్నటి సాయంకాలము వారి యింటికి పోయి తప్పు తనదనియు బిడ్డను బడికి పంపుమనియు వేడుకొనెను. అప్పన్న గింజల రాశినుండి తల యెత్తలేదు. హైమవతి లోనికేగి తన నోటుపుస్తకము తెచ్చి జీడిరసమునకు నల్లబడిన వ్రేళ్లతో ఆతని ముందుంచెను.

"మాస్టారూ, ఇన్నాళ్లూ మీరు భేష్ అని రాసినారు. నా చదువు చూసి రాసినారా, నన్ను చూసి రాసినారా?"

"చదువు చూసేనమ్మా" అనెను పండితుడు. అది సత్యమే. కాని ఆ సత్యము నామె నమ్ముటకు తాను దారి మిగుల్చలేదని యాతనికప్పుడు తెలిసెను. ఆమె పుస్తకము నచ్చటనే విడిచి మరల గింజలకడ కూర్చుండెను.

నేడు ఆ పేరు పిలిచి యాగినప్పుడు ఆ ప్రశ్నయే మరల వినవచ్చెను. ఇరువదినాలుగవ పేరు పిలిచెను. అనంతరము వ్యాసములు దిద్దుచుండ ఒక బాలిక వ్రాత మిక్కిలి సొంపుగా నుండెను. ఎఱ్ఱకలము కాగితముపై నిలిచెను. ఆతడు మార్కులు మాత్రము వేసి పుస్తకము మూసెను. ఆ బాలిక దానిని తీసికొని పుటలు రెండుమాఱులు త్రిప్పి వెదకి తన చోటికి పోయెను.