పేరంటాలి చీర

చింతపండు పిసుకుతున్న ఉదయలక్ష్మిని చూసి అత్తగారు వెంకాయమ్మ, "శేషారత్నం పిసికితే పిప్పిలో చుక్క రసం మిగిలేది కాదు" అంది.

శేషారత్నం అంటే భర్త చక్రపాణికి మొదటి భార్య. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ పాత పెంకుటింట్లోనే, తాళం వేసి ఉన్న ఆ వెనక గదిలో, విషజ్వరంతో పోయిందట. పుణ్యస్త్రీగా పోయింది గనక ఇంటికి పేరంటాలైంది. ఏటా ఆ గది గుమ్మం ముందు కొత్త చీర పెట్టి మొక్కుతారు. ఆ చీరను రెండో భార్య కట్టుకోవాలి. పదకొండేళ్లుగా ఉదయలక్ష్మి కట్టుకుంటూనే ఉంది, లోపల కుళ్లుకుంటూనే ఉంది. స్కూల్లో గొంతు చించుకుని వచ్చి, వండి వార్చి, అత్తగారి కాళ్లు పట్టినా మెప్పంతా పటంలో ఉన్నావిడకే. "తనైతే ఎదురు మాట్లాడేది కాదు" అంటాడు చక్రపాణి. పోయినావిడతో పోటీ ఎలా? ఆవిడకి నడుంనొప్పి రాదు, ఆవిడ కూరలో ఉప్పెక్కువవదు.

ఆ ఏడు సకలజనుల సమ్మె. చీరల కొట్లన్నీ మూతపడ్డాయి. ఎదురింటి భారతమ్మ పొడ అత్తగారికి గిట్టదు. అయినా వేరే దారిలేక, కట్టని చీర ఏదైనా ఉందేమోనని ఉదయలక్ష్మి అక్కడికే వెళ్లింది. ఎవరికని అడిగితే పేరంటాలైన శేషారత్నానికని చెప్పింది. బీరువా తీయబోతున్న భారతమ్మ ఆగిపోయింది.

"ఆమె సచ్చిందని ఎవరన్నరు బిడ్డా? గా గదిల గొళ్లెం పెట్టి కొడుతుంటే, ఓనాడు నేనే గొళ్లెం తీసి, గోడ దాటించి నల్లగొండ బస్సెక్కించిన. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నది. దాన్ని పేరంటాలును చేసిరని నాకేం ఎరుక? ఇప్పుడు సర్కారు బళ్ల టీచరు. నిన్న సమ్మెకు జీపుల వచ్చి, ఎల్బీనగర్ల రోడ్డు మీద వంటావార్పుల నా పక్కనే కూసోని తిన్నది."

అయితే నా పెళ్లి ఏమిటన్న భయం ఉదయలక్ష్మికి తర్వాత పుట్టింది. ముందు పుట్టింది ఈర్ష్యే. పోయినావిడ మీద ఇన్నాళ్లూ ఏడ్చిన ఏడుపు ఒక ఎత్తు, గోడ దాటి వెళ్లినావిడ మీద ఇప్పుడు పుట్టుకొచ్చింది ఒక ఎత్తు. నాకెందుకు తోచలేదు, నాకెందుకు తోచలేదు అనుకుంటూ రోడ్డు దాటింది.

గుమ్మానికి పసుపు రాస్తున్న అత్తగారు చీరేదని అడిగింది.

"దొరకలేదండీ. మీ పేరంటాలు నిన్న ఎల్బీనగర్‌లో కడుపునిండా భోంచేసి వెళ్లిందట."

వెంకాయమ్మ కొడుకు వైపు చూసింది. ఎవరు చెప్పారని మాత్రం అడిగాడు చక్రపాణి. అబద్ధమని అనలేదు.

ఉదయలక్ష్మి లోపలికెళ్లి నాలుగు చీరలు, తను కొనుక్కున్నవే, సంచిలో సర్దుకుంది. బస్సులు లేకపోతేనేం, నాగోల్‌లో అక్క ఇల్లు నడిచి వెళ్లేంత దూరమే.