బూడిద గుంతలో దీపం

నంద్యాల నూనెమిల్లులో ఇంజను బొగ్గు గ్యాసుతో నడిచేది. బట్టీలో బొగ్గును సరిగా కాలనివ్వకుండా మగ్గబెట్టి, ఆ గ్యాసునే ఇంజనుకు తాగించేవాళ్ళు. 1955 ఎండాకాలంలో బట్టీ పక్కనున్న బూడిద గుంత గోడ కూలింది. బావులు తవ్వే మా పుల్లయ్యన్ననూ నన్నూ గోస్పాడు నుంచి పిలిపించారు.

మేము ఏ గుంతలోకైనా ముందు దీపం దించుతాం. అది కొండెక్కితే చెడుగాలి ఉన్నట్టు. వెలుగుతుంటే మనిషి దిగొచ్చు.

ఆ మధ్యాహ్నం దీపం నిటారుగా వెలిగింది. మంట చుట్టూ సన్నగా నీలిరంగు కట్టింది. అన్న నవ్వుతూ దిగాడు.

కాసేపటికి లోపల పార చప్పుడు ఆగింది.

"ఏందన్నా, పలకవ్?"

"నిద్దరొస్తాందిరా."

అదే ఆఖరు మాట. నడుముకు కట్టిన తాడుతో పైకి లాగాం. ఊపిరి లేదు. బుగ్గలు మాత్రం పెళ్ళికొడుకు బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. బొగ్గు గ్యాసు దీపం జోలికి పోదని, మనిషినే తీసుకుపోతుందని మిల్లోళ్ళల్లో ఒక్కడూ చెప్పి చావలేదు.

మొగుడికి సంగటి తెచ్చిన లింగమ్మ వదిన గుంతలోకి వంగి చూసింది.

"దీపం వెలుగుతానే ఉంది గదప్పా. మీయన్న ఆడ పని చేస్తాండాడు," అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మరి ఈడ పండుకున్నోడు ఎవురు?"