తెల్లమీసం మీద చూపు

కళ్ళు తెరిచింది.

తెల్లారే వెలుతురు కిటికీ రెక్కల సందులోంచి సన్నగా జారి గోడ మీద గీతలా పడింది. పాప ఆ గీత వైపు తల తిప్పింది. గీతకు అటు చీకటి, ఇటు వెలుతురు. ఆ రెండూ కలిసే అంచు మీద ఆ చూపు ఆగింది.

ఆగింది... కాసేపు అక్కడే ఉంది.

మంచం పట్టె మీద కూర్చున్న ఎల్లం ఊపిరి బిగబట్టాడు.

పాప అతని మనవరాలు. ఒక్కగానొక్క కూతురు అరుణకు తొలి కాన్పు. నెలలు నిండకుండానే, ఎవరో పిలిచినట్టు, తొందరపడి వచ్చేసింది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ పెట్టె బయట నిలబడి ఎల్లం చూసిన చూపులకు అద్దం అరిగిపోవాలి. అరగలేదు. పాప మాత్రం బతికింది.

బతికింది. బరువెక్కింది. మెదక్‌లో అమ్మమ్మ ఇంటికి వచ్చింది.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. తొందరగా పుట్టిన పిల్లల కళ్ళు బయటికొచ్చాకే ఎదగాలట. ఇప్పటికైతే బాగున్నాయట. చూపు నిలుస్తోందా, కదిలేదాని వెంట కదులుతోందా... ఇంట్లో కనిపెట్టుకుని ఉండమంది. మళ్ళీ తీసుకొచ్చి చూపించమంది.

అప్పటినుంచి ఎల్లంకు అన్నం సయించలేదు. బయటికి చెప్పలేదు. చెప్పే మనిషి కాదు.

మెదక్ నుంచి పాపన్నపేటకు షేర్ ఆటో నడుపుతాడు ఎల్లం. లోకంలో ఉన్న సంగతులన్నీ ఆ ఆటోలో మాట్లాడతాడు. భయమేసిన సంగతి మాత్రం మాట్లాడడు.

దవాఖాన నర్సు ఎలిశిబా సిస్టర్ ఇంటికొచ్చింది. పాపను తూచింది. అరుణకు ఆట నేర్పింది.

"రంగులు ఇప్పుడే అంతగ తెలవయి పాపకు. నలుపు, తెలుపు... గవి మంచిగ అవుపడ్తయి. జానెడు కంటే జరంత ఎక్కువ దూరంకెల్లి చూపెట్టుండ్రి. మెల్లగ జరపుండ్రి. మొకం తిప్పుకుందనుకో, అలిసిపోయినట్టు. ఇగ ఆపుండ్రి. ఆఁ... కాటుక మాత్రం కండ్లల్ల పెట్టకుండ్రి."

చివరి మాటకు అమ్మమ్మ బాలనర్సమ్మ ముఖం మాడిపోయింది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, మసి పట్టి, నెయ్యి కలిపి, మనవరాలి కళ్ళ కోసమే కాటుక చేసి ఉంచింది పాపం. సిస్టర్ గడప దాటేదాకా నోరు కట్టుకుంది. దాటగానే విప్పింది.

"పిల్లల సాకుడు నాకు నేర్పవట్టిరి. తాతకు దగ్గులు నేర్పినట్టు!"

అలా అంటూనే పాత క్యాలెండర్ కాగితం చింపింది. తెల్లటి వెనకవైపు తిప్పింది. కాటుకలో వేలు ముంచింది. ముగ్గులు పెట్టిన వేలు... ఒక గీత, దాని పక్కన ఒక గీత, మధ్యలో గుండ్రంగా సున్నా, సున్నాలో చుక్క. కంట్లో పెట్టొద్దన్న కాటుకను కంటి ముందు పెట్టింది. బాలనర్సమ్మ ఓడిపోయే మనిషి కాదు.

అరుణ ఆ కాగితాన్ని పాప ముందు పట్టింది.

పాప చూసింది... చూపు జారిపోయింది.

మళ్ళీ పట్టింది.

చూసింది... కళ్ళు మూసుకుంది.

"చూస్తుందా అమ్మా?"

"చూస్తది తీ. పచ్చి గుడ్డు. జర సోయి రానీయ్."

ఆ సాయంత్రం ఎల్లం ఆటో దిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, మంచం మీదికి వంగాడు.

ఎండలో పండిన నల్లటి ముఖం అతనిది. ఆ నలుపు మీద తెల్లగా, గుబురుగా మీసం. పాపన్నపేట దారిలో మడికట్ల పక్కన బర్రెలు మేస్తుంటాయి. బర్రె వీపు మీద కొంగ వాలి ఉంటుంది. ఇంత నలుపు మీద అంత తెలుపు. మొగుడి మీసాన్ని బాలనర్సమ్మ ఆ కొంగతోనే పోలుస్తుంది, మురిపెం వచ్చినప్పుడూ అదే పోలిక, కోపం వచ్చినప్పుడూ అదే.

ఎల్లం వంగాడు.

పాప కళ్ళు ఆ ముఖం మీద తిరిగాయి. నుదుటి దగ్గర ఆగలేదు. ముక్కు దగ్గర ఆగలేదు. కిందికి దిగాయి.

మీసం మీద వాలాయి.

అక్కడే ఉన్నాయి.

ఎల్లం కుడివైపు జరిగాడు — మెల్లగా. ఆ కళ్ళు కుడికి జరిగాయి. ఎడమకు జరిగాడు — ఇంకా మెల్లగా. కాసేపు వెనకబడి, తడబడి, మళ్ళీ దొరకబుచ్చుకుని... ఆ కళ్ళు ఎడమకు వచ్చాయి.

"అరుణా..." అన్నాడు. "అరుణా, నన్ను చూస్తుందే! నా ఎంబడి వస్తుందే!"

ఇక చూడాలి ఎల్లంను. నేల మీద కాలు నిలవలేదు.

పొద్దున ఆటో తీసే ముందు ఆట. సాయంత్రం ఆటో పెట్టాక ఆట. పాలు తాగి, నిద్ర రాక, ఏడుపు రాక, తేటగా ఉన్న ఆ కాసేపు — తాత వంగుతాడు, పాప చూస్తుంది. తాత జరుగుతాడు, చూపు జరుగుతుంది. పాప ముఖం తిప్పుకుంటే ఎల్లం ఠక్కున ఆగిపోతాడు. జీవితంలో ఎవరి మాటకూ ఆగని మనిషి, పిడికెడు ముఖం అటు తిరిగితే ఆగిపోయేవాడు.

ఆటోలో అదే ముచ్చట. టికెట్టు లేని కచేరీ.

"మా పాప నన్ను చూస్తది" అనేవాడు.

"ఏ పిల్ల సూడదే తాతను?" అందొక ముసలమ్మ, గంపను కాళ్ళ మధ్య సర్దుకుంటూ.

"గట్ల కాదవ్వా! నెలలు నిండక ముందుగాల పుట్టింది. అయినా సూపు జూడు, కొంగ చేపను జూసినట్టు జూస్తది!"

మీసం మెలేసేవాడు. అద్దంలో చూసుకుని ఇంకోసారి మెలేసేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దని నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు. ఎల్లంకు అవేవీ వినబడలేదు.

పాపను తొట్టెల్లో వేసే రోజు వచ్చింది.

నర్సాపూర్ నుంచి వియ్యంకుల వాళ్ళు వస్తారు. అల్లుడు కృష్ణమోహన్ ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడాడు. ఎల్లం కొత్త అంగీ కుట్టించుకున్నాడు. అంగీ వేసుకుని ఆటో అద్దంలో చూసుకున్నాడు. అంగీ కొత్తగా ఉంది. మనిషి పాతగా ఉన్నాడు.

తాతనైతే అయ్యాను, ముసలోణ్ణి ఎందుకు కావాలి? అనుకున్నాడు. ముందురోజు సాయంత్రమే సెలూన్‌లో కూర్చున్నాడు. జుట్టుకు నలుపు. మీసానికి నలుపు. పదేళ్ళు తీసి పక్కన పెట్టినట్టు లేచాడు.

బాలనర్సమ్మ చూసి, "కొంగ ఎగిరిపోయినట్టుంది గదా" అంది. నవ్వుతూనే అంది.

తొట్టెల ఘనంగా జరిగింది. మేనత్త చెవిలో పేరు చెప్పింది. వర్షిత. పాటలు పాడారు. చేతులు మారి చేతులు మారి పాప అలిసి నిద్రపోయింది. ఫోటోల్లో ఎల్లం పెళ్ళికొడుకు పక్కనుండే తోడు పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఆ రోజు ఆట కుదరలేదు.

మర్నాడు పొద్దున కుదిరింది.

పాలు తాగిన వర్షిత తేటగా ఉంది. ఎల్లం వంగాడు.

ఆ కళ్ళు అతని ముఖం మీదికి వచ్చాయి... జారిపోయాయి.

ఎల్లం నవ్వాడు. కుడివైపు జరిగాడు.

కళ్ళు రాలేదు.

ఎడమవైపు జరిగాడు. జరిగి, ఆగి, మళ్ళీ జరిగాడు. దగ్గరికి వంగాడు. దూరం జరిగాడు.

కళ్ళు రాలేదు.

అతన్ని దాటి ఎటో పోయాయి. అక్కడ మనిషే లేనట్టు.

ఎల్లం మెల్లగా లేచాడు.

ఎవరికీ చెప్పలేదు. ఆటో తీశాడు. పాపన్నపేట పోయాడు, వచ్చాడు, పోయాడు. నోరు విప్పలేదు. ముసలమ్మ గంపతో ఎక్కి, "పాప మంచిగుందా?" అని పలకరిస్తే తల ఊపాడు. నరుడి కంటికి నాపరాయైనా పగులుతుందంటారు. నేనే కదా ఊరంతా చాటింపేసింది. ఎక్కినోడికల్లా చెప్పింది. నా దిష్టే తగిలింది. నా నోరే నా బిడ్డ చూపును తినేసింది.

సాయంత్రం మళ్ళీ వంగాడు. కళ్ళు రాలేదు.

మర్నాడూ రాలేదు.

ఆ పొద్దున వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు వెతుకుతుంటే బాలనర్సమ్మ చూసింది. చేతిలో గళ్ళుప్పు. ఇంకో చేతిలో ఎండు మిరపకాయలు.

"ఏమైందయ్యా?"

"దిష్టి తియ్యే" అన్నాడు. "పాపకు దిష్టి తియ్యి. నాదే తాకింది. పాపకు... కండ్లు కానొస్తలెవ్వు."

పక్కగదిలో ఉన్న అరుణకు వినబడింది.

ఆమె ఏడవలేదు. అరవలేదు. గోడకు ఆనించిన క్యాలెండర్ కాగితం అందుకుంది. కాటుక గీతలు కొంచెం అలికినట్టయ్యాయి, అయినా నల్లగానే ఉన్నాయి. పాప ముందు పట్టింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నిలిపింది.

వర్షిత చూసింది.

అరుణ కాగితాన్ని జరిపింది.

ఆ కళ్ళు జరిగాయి. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. ఎక్కడా తెగకుండా. కాగితం ఆగితే ఆగాయి. వెనక్కి వస్తే వెనక్కి వచ్చాయి. మొదటిరోజు జారిపోయిన చూపు, ఇప్పుడు పట్టుకుంటే వదలడం లేదు.

అరుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వింది. తలెత్తి, గుమ్మంలో ఉప్పు పట్టుకుని నిలబడ్డ తండ్రిని చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"బాపూ... నీ మీసమేది?"

ఎల్లం చేయి మీసం మీదికి వెళ్ళింది.

నల్లటి ముఖం. నల్లటి మీసం. నలుపు మీద నలుపు.

బాలనర్సమ్మకు ముందు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని కూలబడి నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. ఉప్పు నేల మీద చిందిపోయింది. ఎల్లం గోడకు చేరగిలబడ్డాడు. పాప చూస్తోంది. బాగా చూస్తోంది. అంతకన్నా ఏం కావాలి, ఈ లోకంలో ఏ మనిషికైనా?

సంతోషంతో కడుపు నిండిపోయింది. నిండిన కాసేపటికి, ఒక మూల సన్నగా నొచ్చింది.

అంటే ఇన్నాళ్ళూ నన్ను చూడలేదా?

మీసాన్ని చూసిందా?

"గొరిగించరాదు? తెల్లగ మొలుస్తది" అంది బాలనర్సమ్మ.

"వద్దు. ఉన్న మొకం గూడ గుర్తువట్టకుంట అయితది."

తెల్ల వెంట్రుక కోసం ఎదురుచూసిన మగవాడు మెదక్‌లో ఎల్లం ఒక్కడేనేమో. ఆటో అద్దంలో రోజూ పెదవి మీద వెతుక్కున్నాడు. సెలూన్ అతను కనబడి రంగు మళ్ళీ వేస్తానంటే దండం పెట్టి తప్పుకున్నాడు.

ఆట మాత్రం ఆపలేదు. క్యాలెండర్ కాగితం పట్టుకుని వంగేవాడు. కాగితం పక్కన తన ముఖం. మాటలు రాక, ఆటోలో రోజంతా అరిచే అరుపే మెల్లగా, జోలలా అనేవాడు.

"పాపన్నపేట... పాపన్నపేట... ఇగ కదుల్తది... పాపన్నపేట..."

వర్షిత కాగితాన్ని చూసేది. కాగితాన్నే చూసేది. ఎల్లం కాగితం పక్కన ఓపికగా ఉండేవాడు. ఆ చూపు ఎవరి మీదుంటేనేం, అది తన మనవరాలి చూపు. ముందే వచ్చి, అద్దాల పెట్టెలో పడుకుని, పోరాడి తెచ్చుకున్న చూపు. ఆటోలో ఆ మాట మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మెల్లగా, దిష్టికి భయపడుతూ, అయినా ఆగలేక.

"మా పాప చూస్తది."

'నన్ను' అనలేదు.

రోజులు గడిచాయి. వర్షిత బుగ్గలు నిండాయి. మీసం కుదుళ్ళలో సన్నగా, దారమంత తెల్లగీత మొలిచింది. కొసలు ఇంకా నలుపే.

ఒక పొద్దున కాగితం దొరకలేదు. బాలనర్సమ్మ కొత్తది గీస్తానని పాతది తీసేసింది. పాప తేటగా ఉంది. ఆట వేళ దాటిపోతోంది. ఎల్లం ఒట్టి ముఖంతో వంగాడు.

"పాపన్నపేట..." అన్నాడు. "పాపన్నపేట... ఇగ..."

వర్షిత కళ్ళు అతని ముఖం మీదికి వచ్చాయి. మీసం దగ్గర కొంచెం ఆగాయి.

ఆగి... పైకి లేచాయి.

ముక్కు దాటాయి. అతని కళ్ళ దాకా వచ్చాయి. అక్కడ నిలిచాయి.

పెదవుల చివర్లు కదిలాయి. ముందు ఒకవైపు. తర్వాత రెండోవైపు. బోసినోరు విచ్చుకుంది.

"నవ్వింది!" అంది అరుణ. "మీసం తెల్లగైతుంది బాపూ, గందుకే."

"మీసం లేదు ఏం లేదు. గొంతు గుర్తువట్టింది" అంది బాలనర్సమ్మ. "పొద్దుమాపు గా పాపన్నపేటే నాయె."

ఎల్లంకు ఆ ఇద్దరి మాటలూ చెవికెక్కలేదు. పాప తల కింద అరచెయ్యి పెట్టాడు. ఎంత మెల్లగా జరగొచ్చో అంత మెల్లగా కుడివైపు జరిగాడు.

చిన్న కళ్ళు అతని కళ్ళను పట్టుకుని కుడివైపు వచ్చాయి.

"నన్నేనా బిడ్డా?" అన్నాడు, ఎవరికీ వినబడకుండా. "నన్నేనా?"

వర్షిత చెప్పలేదు.

చూస్తూ ఉంది...