గంటా నలభై నిమిషాలు

ఉద్యోగం నుంచి దిగిపోయి ఎనిమిది నెలలైనా ఆయన్ని అందరూ సర్వేయరు గారనే పిలిచేవారు. ముప్పై మూడేళ్లు గొలుసు పట్టుకుని రోడ్లూ హద్దులూ కొలిచిన మనిషికి ఇంట్లో కొలవడానికి ఏమీ మిగల్లేదు. భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి వెళ్లాక పేపరు రెండుసార్లు తిరగేసి, ఇక తోచక ఫోన్ తెరిచేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కళ్లద్దాల దుకాణం ఆవిడ కనిపించకుండా పోయింది. బస్టాండు ఎదుట అన్నాచెల్లెళ్లు నడిపే దుకాణం అది. ఆమె కళ్లు పరీక్షించేది, అన్న వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు. ఏడాదికోసారి దుకాణానికి తాళం వేసి, కొండ మీది లాడ్జిలో నాలుగు రోజులుండి వచ్చేవారు. ఈసారి ఆమెకి అక్కణ్నుంచి సముద్రం దాకా ఒక్కతే వెళ్లాలని బుద్ధి పుట్టింది. అందుకని రెండు బళ్లు తీశారు. ఆమె కారులో ముందు వెళ్లింది. అన్న ఎవరికో ఇవ్వాల్సిన కళ్లద్దాలు ఇచ్చేసి, గంట తర్వాత వ్యానులో బయలుదేరాడు. టోల్ గేటు దాటగానే ఉన్న పెట్రోలు బంకు నుంచి ఒంటిగంటన్నరకి ఆమె అన్నకి ఫోన్ చేసి, మూడున్నరకల్లా లాడ్జిలో ఉంటానని చెప్పింది. అన్న లాడ్జికి చేరాడు. ఆమె చేరలేదు.

వారం తిరిగేసరికి ఆమె గురించి మాట్లాడని ఫోన్ లేదు. ఎవరితోనో వెళ్లిపోయిందని కొందరు తేల్చేశారు. బంకు కెమెరాలో ఆమె రెండుసార్లు పైకి చూసింది కాబట్టి సాయం అడుగుతోందని ఇంకొకడు వీడియో చేశాడు. వెనక సీట్లో మనిషి నీడ ఉందని ఆ బొమ్మనే పెద్దది చేసి చూపించారు. అది కొక్కేనికి తగిలించిన ఆమె వానకోటు అని అన్న చెప్పుకున్నాడు. ఆ కోటు రంగు ఆయనకి అంత బాగా ఎలా గుర్తుందని దాని మీద ఇంకో వీడియో వచ్చింది.

సర్వేయరుకి ఈ మాటలన్నీ చిరాకు పుట్టించాయి. ఒక్కడూ కొలిచి మాట్లాడటం లేదు. ఆయన పాత మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. పేపర్లో వచ్చిన ప్రకారం అన్న వ్యాను టోల్ గేటు దాటింది రెండూ ఇరవై అయిదుకి. లాడ్జి పుస్తకంలో సంతకం పెట్టింది అయిదూ నలభైకి. మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లు. ఘాటు రోడ్డని ఎంత మెల్లగా నడిపినా గంటా ముప్పై అయిదు నిమిషాలు చాలు. ఇంకో గంటా నలభై నిమిషాలు ఆ మనిషి ఎక్కడున్నట్టు?

ఇదంతా శుభ్రంగా గీసి, కొలతలు వేసి, కింద ఆ ఒక్క ప్రశ్న రాసి, ఫోన్లో అందరికీ కనపడేలా పెట్టాడు. సాయంత్రానికి దాన్ని లక్షమంది చూశారు. మర్నాడు ఒక టీవీ వాళ్లు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మ్యాపు మీద పుల్లతో చూపించమన్నారు. ఆయన చూపించాడు. అన్నే చంపాడని ఆయన ఎక్కడా అనలేదు. ఆ మాట మిగతావాళ్లు అన్నారు.

భార్య మాత్రం, ఆ అబ్బాయిని ఒకసారి అడిగితే పోయేది కదా అంది. ఆధారం ఉన్నప్పుడు అడగడమెందుకని ఆయన అన్నాడు. నిజం చెప్పాలంటే చాలాకాలానికి ఆయనకి గట్టిగా ఆకలి వేసింది, కంటి నిండా నిద్ర పట్టింది.

పోలీసులు అన్నని నాలుగు రోజులు కూర్చోబెట్టి అడిగారు. దారిలో వంతెన దగ్గర ఎవరో జెండా ఊపి మట్టిరోడ్డులోకి మళ్లించారనీ, అందుకే ఆలస్యమైందనీ ఆయన మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. రోడ్ల ఆఫీసు కాగితాల్లో వంతెన పని మొదలైంది వాళ్లు వెళ్లిన మర్నాడు. ఆ రోజు దారి తెరిచే ఉందని వాళ్లు రాసిచ్చారు. దాంతో ఆ మట్టిరోడ్డు వైపు వెతకడానికి ఎవరూ వెళ్లలేదు. దుకాణం తలుపు మీద ఎవరో నల్లరంగుతో హంతకుడని రాశారు. రిపేరుకిచ్చిన కళ్లద్దాలు జనం అలాగే వెనక్కి పట్టుకుపోయారు.

ఇరవై రెండో రోజున సర్వేయరు స్వయంగా ఆ దారి చూసి రావాలనుకున్నాడు. అన్న చెల్లెల్ని ఎక్కడ ఆపి ఉండవచ్చో ఆ చోటు పట్టుకుంటే లెక్క పూర్తవుతుందని ఆయన ఆశ. బావమరిది కారు తీశాడు. అతను పుట్టు వాగుడుకాయ.

"బావా, నువ్వు కొలిచిన రోడ్లన్నీ కలిపితే చందమామ దాకా వెళ్లొచ్చు. మా అక్కని సినిమాకి మాత్రం ఒక్కసారీ తీసుకెళ్లలేదు," అని దారంతా ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

వంతెన దగ్గర ఇంకా పని సాగుతోంది. ఒక పక్క దారే వదిలారు. తలకి తుండు చుట్టుకుని ఒకామె ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఉంది. ఎదుటి బళ్లు వచ్చేదాకా ఆగాలి కాబట్టి సర్వేయరు దిగి ఆమెతో మాట కలిపాడు. పని ఎప్పుడు మొదలైందని ఊరికే అడిగాడు.

"కాగితం మీదైతే పదిహేడో తారీకండి. మేం మాత్రం పదహారునే దిగాం. రోలరు ముందే వచ్చేసింది, ఖాళీగా ఎందుకుంచాలని మేస్త్రీ అన్నాడు. పన్నెండున్నర నుంచి నాలుగింటి దాకా బళ్లన్నీ అటు పంపాం," అని కుడివైపు చూపించింది.

పదహారు. అన్నాచెల్లెళ్లు బయలుదేరిన రోజే. "ఎవరూ వచ్చి అడగలేదా?" అన్నాడు సర్వేయరు.

"మమ్మల్ని ఎవరడుగుతారండి? ఆఫీసులో అడుగుతారు గానీ."

ఆమె చూపించిన మట్టిరోడ్డులోకే కారు తిప్పమన్నాడు. బావమరిది ఒకసారి ఆయన మొహం చూసి, ఇక జోకులు వెయ్యలేదు. నలభై కిలోమీటర్లు. పాత రాతి క్వారీల చుట్టూ తిరిగి, ఎక్కడో పైన మళ్లీ తారురోడ్డులో కలుస్తుంది. గుంటలు, చక్రాల కింద జారే కంకర. ఆయన గడియారం చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. తారురోడ్డు ఎక్కేసరికి మామూలు దారిలో కంటే గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టింది. ఆ రోజు ముందూ వెనకా లారీలు కూడా ఉండి ఉంటాయి.

అన్న చెప్పింది అక్షరాలా నిజం. మరి చెల్లెలూ ఇదే దారిన వచ్చి ఉండాలి.

ఇద్దరూ కారు వెనక్కి తిప్పి, ఈసారి నడిచినంత నెమ్మదిగా వచ్చారు. మూడో క్వారీ దగ్గర మలుపులో బావమరిది బ్రేకు వేశాడు. అంచున పాతిన రాళ్లలో ఒకటి లేదు. అది ఉండాల్సిన గుంటలో మట్టి ఇంకా కొత్తగానే ఉంది. కింద నిలువునా గోడలా రాయి, దాని అడుగున ఆకుపచ్చగా, కదలకుండా నీళ్లు.

"బావా, నువ్వు దిగకు," అన్నాడు బావమరిది. ఆయన అప్పటికే దిగాడు. పోలీసులకి ఫోన్ బావమరిది చేశాడు.

మర్నాడు ఈతగాళ్లు దిగి కారు పైకి తీశారు. ఆమె సీటు బెల్టు పెట్టుకునే ఉంది.

సర్వేయరు తను పెట్టిన మ్యాపు తీసేశాడు. తప్పు నాదేనని నాలుగు వాక్యాలు రాశాడు. మ్యాపుని లక్షమంది చూశారు. ఈ నాలుగు వాక్యాలు రెండు వందలమంది కూడా చదవలేదు. పాత మ్యాపు మాత్రం వేరేవాళ్ల దగ్గర తిరుగుతూనే ఉంది.

పదిరోజులాగి ఆయన దుకాణానికి వెళ్లాడు. తానూ వస్తానని భార్య అంటే వద్దన్నాడు. తలుపు మీద రాతల్ని గీకేసిన చోట రేకు మెరుస్తోంది. లోపల అన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. సర్వేయరుని చూడగానే గుర్తుపట్టాడు, కూర్చోమనలేదు.

సర్వేయరు దారిలో కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పాడు. క్షమించమని అడిగాడు. అన్న విన్నాడో లేదో తెలియలేదు. చేతిలోని మెత్తటి గుడ్డని మడత పెడుతూ అన్నాడు.

"నేనూ ఆ మలుపులోంచే వచ్చాను. రేడియో పెట్టుకుని వచ్చాను."

సర్వేయరు తల దించుకున్నాడు.

"మీరు లెక్కలు బాగా కడతారు కదా. నేను అక్కడ దాటేసరికి అది బతికుందా?"

ఆ లెక్క ఆయన ఇంట్లో ఎన్నిసార్లు కట్టాడో. ఆమె యాభై అయిదు నిమిషాల ముందుంది. కారు అద్దం జానెడు దిగి ఉంది. నీళ్లలో పడ్డాక ఎంతసేపు బతికుందో డాక్టర్లు తేల్చలేకపోయారు. క్షణాల్లో అయిపోయిందని చెబుదామనే ఆయన వచ్చాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఈ మనిషి రాత్రిళ్లు కాస్త పడుకోగలడు.

"నాకు తెలియదు బాబూ. మీకంటే యాభై అయిదు నిమిషాల ముందు వెళ్లింది. అంతవరకే తెలుసు. ఇంకేం చెప్పినా కల్పించి చెప్పినట్టవుతుంది," అన్నాడు.

అన్న ఆయన కళ్లలోకి చూశాడు. "మ్యాపు గీసినప్పుడు కూడా ఇలాగే తెలియదని అనడానికి మీకేమైంది?"

అన్న ఇక వెళ్లమన్నాక సర్వేయరు బయటికి వచ్చాడు.

ఆ వారంలోనే కొత్త మాట పుట్టింది. పోలీసులకి దొరకని కారు ఈ ముసలాయనకి ఎలా దొరికింది? అంత కచ్చితంగా ఆ మలుపు దగ్గరే ఎందుకు ఆగాడు? టీవీలో ఆయన పుల్ల పట్టుకున్న బొమ్మ మళ్లీ వేశారు. ఇంటి ముందు ఎవరెవరో ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. భార్య డ్యూటీకి పెరటి దారిన వెళ్లాల్సి వచ్చింది. పోలీసులు పిలిస్తే ఆయన వెళ్లి అన్నీ చెప్పాడు. వంతెన దగ్గర జెండా పట్టుకున్న ఆమెని కూడా అడగమన్నాడు. అడిగారట.

ఒక మధ్యాహ్నం బావమరిది ఫోన్ పట్టుకుని వచ్చాడు. అందులోని వీడియోలో, దుకాణం ముందు అన్నని ఎవరో ఆపి, సర్వేయరు మీద మీకేమైనా అనుమానం ఉందా అని అడిగారు. అన్న తలుపు వేసుకుంటూ ఆగాడు.

"ఆయన నాకు చెయ్యగలిగినంత అన్యాయం చేశాడు. నా చెల్లెలికి మాత్రం ఏమీ చెయ్యలేదు. దాన్ని వెతికి పెట్టాడు. ఆయన జోలికి వెళ్లకండి," అని లోపలికి వెళ్లిపోయాడు.

సర్వేయరు ఆ వీడియోని రెండోసారి వెయ్యమన్నాడు. మూడోసారి వెయ్యమనలేకపోయాడు. కింద జనం రాసిన మాటలు బావమరిది చదవకుండా పైకి తోసేస్తుంటే, ఆయనే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అన్నిటికంటే పైన, వేలమంది మెచ్చుకున్న మాట ఒకటుంది: "చూశారా, వీళ్లిద్దరూ కలిసే చేశారు."

బావమరిది ఏదో తిట్టబోయాడు. భార్య వచ్చి ఇద్దరి మధ్యలోంచి ఆ ఫోన్ తీసుకుని, బోర్లా పెట్టి, ఆయన పక్కన కూర్చుంది. వీధిలో ఎవరో ఫోన్లోకి ఈ ఇంటి నంబరు గట్టిగా చదువుతున్నారు.